సీలింగ్ లేదన్నారు సరే, కోటా ఎంత?

అందరికీ నమస్కారం.

నేను అమ్మే మనిషిని కాను. అమ్మేవాళ్ళకి కమీషన్ ఎంతివ్వాలో లెక్కలు రాసే వైపు కూర్చున్నవాణ్ణి. అంచేత ఈ హాల్లో సగం మందికి నేనంటే గిట్టకపోవచ్చు. ఫర్లేదు. ఆ లెక్కలు రాసే గదిలో ఏం మాట్లాడుకుంటారో చెప్పిపోదామనే వచ్చాను.

కమీషన్‌కి సీలింగ్, అంటే ఎంత అమ్మినా ఇంతకుమించి ఇవ్వమనే పరిమితి, ఎందుకు పెడతారు? బయటికి చెప్పేది బడ్జెట్. లోపల ఉండే భయాలు రెండు. ఒకటి, ఎవరి ప్రమేయమూ లేకుండా పెద్ద ఆర్డరు ఊడిపడటం. పైస్థాయిలో ఎవరో ఎవరితోనో కుదుర్చుకున్న ఒప్పందం, ఆ ఏరియా చూస్తున్న మనిషి ఖాతాలో చేరుతుంది. దానిమీద పూర్తి కమీషన్ ఇవ్వాలంటే ఫైనాన్స్ వాళ్ళకి ప్రాణం ఒప్పదు. రెండోది ఎవరూ కాగితం మీద పెట్టరు: టీమ్‌లో ఒకరి సంపాదన మేనేజర్ జీతాన్ని దాటితే ఆ మేనేజర్‌కి నిద్ర పట్టదు. మొదటి భయంలో కొంత న్యాయముంది. రెండోదాన్ని నేనెప్పుడూ సమర్థించలేకపోయాను.

లెక్క చూడండి. కమీషన్ అనేది అమ్మకంలో శాతం. అమ్మకం రానిదే కంపెనీ ఇవ్వాల్సిందేమీ లేదు. మీరు కోటా, అంటే మీకిచ్చిన అమ్మకాల లక్ష్యం, పూర్తిచేసేసరికి మీ ఫిక్స్‌డ్ జీతం, శిక్షణ, ఆఫీసు ఖర్చు అన్నీ తేలిపోయి ఉంటాయి. ఆ తర్వాత వచ్చే ఆర్డరు, ధర మరీ తెగ్గొట్టకపోతే, కంపెనీకి అన్నిటికంటే చవగ్గా వచ్చిన ఆర్డరు. సరిగ్గా అక్కడే అడ్డుపడి "ఇక చాలు" అంటుంది సీలింగ్.

అప్పుడేం జరుగుతుంది? మూడు నెలల కోటా, 150 శాతం దగ్గర సీలింగ్ అనుకోండి. మూడో నెల పదో తారీఖుకే ఒకావిడ 148 శాతం దగ్గరుంది. కస్టమరు సంతకానికి సిద్ధం. ఆవిడ ఫోన్లో ఏమంటుంది? "తొందరేం లేదండీ, మీ లీగల్ వాళ్ళని ఇంకోసారి తీరిగ్గా చూడమనండి. ఒకటో తారీఖు దాటాక కలుద్దాం." అబద్ధమాడలేదు, పని ఎగ్గొట్టలేదు. ఆర్డరు ఇరవై రోజులు ఆగింది, అంతే. ఈలోగా పోటీ కంపెనీవాళ్ళు అదే కస్టమర్ని పట్టుకుపోతే ఆ నష్టం ఏ రిపోర్టులోనూ కనపడదు. సీలింగ్ వల్ల మిగిలిన కమీషన్ మాత్రం పైసలతో సహా కనపడుతుంది. మా గదిలో సీలింగ్ వద్దన్న వాదన ఎప్పుడూ ఓడిపోయేది అందుకే.

రాస్ పెరో పేరు మీలో కొందరు వినే ఉంటారు, 1992లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినాయన. అంతకు చాలా ముందు ఐబీఎంలో కంప్యూటర్లు అమ్మేవాడు. 1962లో ఏడాది కోటా మొత్తం జనవరిలోనే ముగించేశాడు. అదే ఏడు ఉద్యోగం వదిలేసి ఈడీఎస్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1984లో జనరల్ మోటార్స్ దాన్ని సుమారు 250 కోట్ల డాలర్లకు కొన్నది. ఆయన బయటికి రావడానికి కమీషన్ ఒక్కటే కారణం కాదు, తన ఆలోచన పైవాళ్ళ చెవికెక్కలేదన్న అసంతృప్తీ ఉంది. కానీ కోటా అయిపోయిన మనిషికి సొంత కంపెనీ గురించి ఆలోచించుకునే తీరిక మాత్రం పాత కంపెనీయే ఇచ్చింది!

ఇది ఒక్కరి కథే కదా అంటారేమో, కొలిచి చూసిన సంగతి కూడా ఒకటుంది. సంజోగ్ మిశ్రా, హరికేశ్ నాయర్ అనే పరిశోధకులు అమెరికాలో కాంటాక్ట్ లెన్సులు చేసే ఒక కంపెనీ అమ్మకాల లెక్కలు తిరగేశారు. అక్కడ మూడు నెలలకో కోటా, కమీషన్‌కి సీలింగ్. రెండూ ఎత్తేసి కొత్త ప్లాన్ పెడితే రాబడి 9 శాతం దాకా పెరిగిందని 2011లో ప్రచురించారు. కోటా కూడా పోయింది గనక ఘనతంతా సీలింగ్ తీసేసినందుకే కట్టబెట్టకూడదు.

అలాగని ఆఫర్ లెటర్లో "అన్‌క్యాప్డ్", అంటే సీలింగ్ లేదు, అని కనపడగానే సంబరపడకండి. ఆ పేరెత్తకుండా సీలింగ్ పెట్టే దారులు మాకు బోలెడు తెలుసు. అన్నిటికన్నా తేలిక, కోటా పెంచడం. ఈ ఏడు 160 శాతం చేశారా? భేష్, చప్పట్లు, చేతికో షీల్డు. వచ్చే ఏడు ఆ 160యే మీ 100. ఫ్యాక్టరీల్లో పీస్ రేటు కూలి, అంటే చేసిన ఒక్కో వస్తువుకి ఇంతని కూలి, ఉన్నప్పుడే కార్మికులు దీన్ని పసిగట్టారు. ఎక్కువ చేసి చూపిస్తే రేటు తగ్గిస్తారని చేతనైనా చేసేవాళ్ళు కాదు. ఫ్యాక్టరీ పని పద్ధతుల్ని పరిశీలించిన ఫ్రెడరిక్ టేలర్ 1911లోనే దీని గురించి రాశాడు. ఇక ఏరియాని రెండుగా చీల్చడం, కస్టమరు డబ్బు కట్టేదాకా కమీషన్ ఆపడం, ప్లాన్‌ని ఎప్పుడైనా మార్చే హక్కు మాదేనని చివరి పేజీలో ఒక వాక్యం పెట్టడం సరేసరి.

అమ్మేవాళ్ళ వైపూ తప్పుంటుంది. పైకెళ్ళేకొద్దీ కమీషన్ శాతం పెరిగే ప్లాన్ ఇస్తే డీళ్ళన్నీ ఒకే మూడు నెలల్లో కుప్పపోస్తారు, దానికోసం అక్కర్లేని డిస్కౌంట్లు ఇచ్చేస్తారు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో దీనివల్ల 6 నుంచి 8 శాతం రాబడి పోయిందని ఇయాన్ లార్కిన్ అనే పరిశోధకుడు 2014లో లెక్క తేల్చాడు. అందుకే నా ఓటు, ఎంత అమ్మినా ఒకే శాతం నడిచే, పైన మూత లేని ప్లాన్‌కి. భారీ ఆర్డర్ల భయముంటే మొత్తం సంపాదన మీద కాదు, ఒక్కో ఆర్డరు మీద పరిమితి పెట్టండి, ఆ అంకె ముందే రాయండి.

ఇంటర్వ్యూలో "అన్‌క్యాప్డ్" అన్నారనుకోండి, రెండు ప్రశ్నలు అడగండి. పోయినేడు కోటా దాటినవాళ్ళు ఎంతమంది? వాళ్ళ కోటా ఈ ఏడు ఎంత? మొదటిదానికి హెచ్‌ఆర్ వాళ్ళు టక్కున జవాబు చెబుతారు. రెండోదానికి "కనుక్కుని చెబుతాం" అంటే, కనుక్కునేదాకా సంతకం పెట్టకండి.