సోల్డరింగ్ ఐరన్ లేకుండా ఈ-బైక్ వైర్లు కలపడం ఎలా?

నమస్కారం అండి. ముందు ఈ ముక్క చూడండి, కెమెరాకు దగ్గరగా పెడుతున్నా. నా ఈ-బైక్‌లో కంట్రోలర్ (మోటార్‌ను నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) నుంచి మోటార్‌కి కరెంటు మోసే మూడు లావు వైర్లుంటాయి, అందులో ఒక ఫేజ్ వైరు ఇది. ఇక్కడ ఇన్సులేషన్ ఉబ్బిపోయింది, రాగి నల్లబడింది, టేపు జిగురు కారి గట్టిపడింది. ఈ ఘనకార్యం నాదే. రెండు కొసలూ మెలిపెట్టి, టేపు చుట్టి, సరిగ్గా రేపు చేద్దాంలే అనుకున్నా. ఆ రేపు మూడు నెలలకు గానీ రాలేదు.

ఎందుకు మాడిందంటే, మెలిపెట్టిన చోట పోచలు పైపైన తగులుతుంటాయి, అంతే. అక్కడ రెసిస్టెన్స్ 0.01 ఓమ్ ఉందనుకోండి. 20 ఆంపియర్లు పోతే ఆ ఒక్క ముడిలోనే 4 వాట్ల వేడి పుడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు 30 ఆంపియర్లకు చేరితే 9 వాట్లు. పైన టేపు కప్పి ఉంది కదా, ఆ వేడికి బయటికి దారేదీ?

మరి సోల్డరింగ్ చేస్తే పోలా అంటారు. బాగా చేస్తే తప్పేం లేదు. కాకపోతే కరిగిన తగరం పోచల మధ్యకు పాకి, జాయింట్ అవతల కూడా కాస్త దూరం వైరును పుల్లలా బిగదీస్తుంది. బైక్ అదిరినప్పుడల్లా ఆ పుల్ల ఆగిపోయే చోటే వైరు వంగుతుంది, చివరికి అక్కడే తెగుతుంది. అందుకే కదిలే వైర్లకు నా ఓటు క్రింపింగ్‌కే, అంటే రెండు కొసలనూ స్లీవ్ అనే చిన్న లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కేయడం. సోల్డరింగ్ రాని వాళ్లు చేసుకునే సర్దుబాటు కాదండీ ఇది, విమానాల వైరింగ్‌లో కూడా క్రింపింగే ఎక్కువ.

చేతులు పెట్టే ముందు బ్యాటరీ తీసేయండి. తీశాక పవర్ బటన్ నొక్కి చూడండి. కంట్రోలర్ కెపాసిటర్లలో మిగిలిన ఛార్జ్‌తో ఒక్కోసారి డిస్‌ప్లే మిణుకుమంటుంది. అది ఆరిపోయాక మల్టీమీటర్‌తో ఒకసారి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

స్లీవ్‌ల రంగులు ఊరికే పెట్టలేదు. ఎరుపు 0.5 నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు, నీలం 1.5 నుంచి 2.5కు, పసుపు 4 నుంచి 6కు. సన్న వైరును పసుపు దాంట్లో దూర్చి ఎంత నొక్కినా పట్టు రాదు.

ఇప్పుడు చూడండి. ముందుగా హీట్ ష్రింక్ గొట్టం, అదే వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం, వైరుకు ఎక్కించి పక్కకు జరిపా. ఇది మర్చిపోయి, క్రింప్ అయ్యాక తల పట్టుకుని, మళ్లీ కోసినవి నాకు లెక్కే లేదు. పోచ ఒక్కటీ తెగకుండా ఇన్సులేషన్ ఒలిచి, స్లీవ్ లోపల మధ్య అడ్డు తగిలేదాకా తోశా. ఇక నొక్కుడు. టిక్, టిక్, టిక్... వదిలింది. ఈ రాట్చెట్ క్రింపర్ పూర్తిగా నొక్కేదాకా నోరు తెరవదు, దాని గొప్పంతా అదే. మామూలు ప్లయర్స్‌తో నొక్కితే పైకి చదునుగా కనిపిస్తుంది గానీ లోపల వదులే. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడొస్తే ఇప్పుడే ఊడిరావడం మంచిది. ఇంకో మాట, క్రింప్ చేసే వైరుకు ముందుగా తగరం పూయకండి. తగరం మెత్తన, నొక్కుడు కింద మెల్లగా జారి పట్టు సడలిపోతుంది.

లోపల తగరం రింగు ఉండే పారదర్శక స్లీవ్‌లు చూసే ఉంటారు. వేడిగాలి కొడితే కరిగి అతుక్కుంటాయి. థ్రాటిల్‌కి, మోటార్ ఏ స్థానంలో ఉందో కనిపెట్టే హాల్ సెన్సార్లకి వెళ్లే సన్న వైర్లకు వాడొచ్చు. ఫేజ్ వైర్లకు మాత్రం వద్దు. లావు రాగి వేడినంతా లాగేసుకుంటుంది, రింగు కరిగేలోపు ప్లాస్టిక్ మాడుతుంది. పైగా తగరం, బిస్మత్ కలిపిన రకమైతే 138 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మీట వేస్తే వైరును పట్టుకునే వాగో కంపెనీ కనెక్టర్లు టేబుల్ మీద ట్రయల్‌కు భలే పనికొస్తాయి. కానీ వాటిలోకి నీళ్లు పోతాయి, నేనైతే బైక్ మీద ఉంచను.

హాల్ వైర్లు సాధారణంగా ఐదు: ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఐదూ ఒకే చోట కలిపితే కట్ట లావైపోయి తొడుగులో దూరదు. అందుకే జాయింట్లు పక్కపక్కన రాకుండా ఒక్కో వైరునూ ఒక్కో పొడవులో, మెట్లు మెట్లుగా కోశా.

అంతా అయ్యాక ఒక ఎత్తు ఎక్కించి, దిగి, బ్యాటరీ తీసి మూడు ఫేజ్ వైర్ల జాయింట్ల మీద చెయ్యి పెట్టి చూశా. రెండు చల్లగానే ఉన్నాయి. మూడోది పక్క వైరు కంటే వెచ్చగా తగిలింది. ఇదిగో, దాన్నే మళ్లీ కోస్తున్నా.