ఎల్ఎల్‌బీ పాత పేపర్లు: చూసి వదిలేయకండి, కూర్చుని రాయండి

నమస్తే. సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, ఈరోజు పాత ప్రశ్నపత్రాల సంగతి చూద్దాం. చాలామంది వాటిని ముందేసుకుని, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో టిక్కులు పెట్టుకుంటారు. మొదటి సెమిస్టర్‌లో నేనూ అంతే. సెక్షన్లన్నీ నోటికొచ్చు, కానీ హాల్లో ప్రాబ్లమ్ ప్రశ్న దగ్గరకొచ్చేసరికి పెన్ను కదల్లేదు. ఆ టెన్షన్ మీకు వద్దు.

ఇప్పుడు పేపరు, పెన్ను తీసుకోండి. 20 నిమిషాలు టైమ్. ప్రశ్న ఇది: 17 ఏళ్ల కుర్రాడు తనకు 19 అని అబద్ధం చెప్పి అప్పు తీసుకున్నాడు, ఆ డబ్బుతో బైక్ కొన్నాడు. అప్పిచ్చినాయన రాబట్టుకోగలడా? వీడియో ఆపి రాయండి.

రాశారా? కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 11, మైనర్‌కు అర్హత లేదు. 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టు, మైనర్ ఒప్పందం మొదటి నుంచే చెల్లదంది. కాబట్టి డబ్బు రాదు. ఇంతేనా? అయితే సగమే రాశారు.

ప్రశ్న మళ్లీ చదవండి. 'అబద్ధం చెప్పి' అని ఎందుకు పెట్టారు? మొహరీ బీబీలో అప్పిచ్చినవారి తరఫు మనిషికి కుర్రాడు మైనరని ముందే తెలుసు. ఇక్కడ తెలియదు. మరి ఎస్టాపెల్, అంటే ఒకసారి నమ్మించిన మాటను తర్వాత కాదనకూడదనే సూత్రం, వర్తిస్తుందా? మైనర్‌కు వర్తించదనే మన కోర్టులు ఎక్కువగా చెప్పాయి, అది రాయాలి. తర్వాత బైక్ సంగతి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 1963, సెక్షన్ 33 కింద, మైనర్ పొందిన లాభం మేరకు తిరిగివ్వమని కోర్టు చెప్పవచ్చు. అసలు మార్కులు అక్కడున్నాయి.

దిద్దుకోవడం మర్నాడు పెట్టుకోండి, అప్పుడు మీ రాత మీకే కొత్తగా కనిపిస్తుంది. ప్రశ్నలో ప్రతి ఫ్యాక్ట్ కింద ఎర్ర గీత గీయండి. అది మీ జవాబులో ఎక్కడ వాడారో వెతకండి. వాడని ఫ్యాక్ట్ ఉంటే, ఆ చోటే మళ్లీ చదవాలి.

క్రిమినల్ పేపర్లతో ఒక జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత పేపర్లో హత్యకు 302 అని ఉంటే, మీరు 103 అని మార్చి రాయండి. ప్రశ్నలు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి.

ఇంకొకటి ఇస్తాను. తప్పిపోయిన బాబును వెతికి తెచ్చినవారికి బహుమతి ప్రకటించారు. ఆ సంగతి తెలియకుండానే పక్కింటాయన తీసుకొచ్చాడు. ఇలాంటిదే అయిన పాత కేసు లాల్‌మన్ శుక్లాలో వెతికినాయన ఇంటి పనివాడు, ఇక్కడ కాదు. బహుమతి వస్తుందా? 20 నిమిషాలు, మొదలుపెట్టండి.