పట్టాలే దారి అయిన ఇల్లు

అందరికీ నమస్కారం.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. అలాంటి పలకరాయిని ఓడరేవుకు చేర్చడానికే బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో 1836లో ఒక బుల్లి రైలుదారి మొదలైంది. అదే ఫెస్టినియోగ్ రైల్వే. రెండు పట్టాల మధ్య రెండడుగుల ఎడం కూడా లేదు. మొదట్లో ఇంజన్లు లేవు. రాయి నింపిన బళ్లు వాలులో వాటంతటవే పోర్త్‌మాడోగ్ రేవుకు దొర్లిపోయేవి. ఖాళీ బళ్లను గుర్రాలు పైకి లాగేవి. ఆ గుర్రాలు కిందికి మాత్రం దర్జాగా బండెక్కి దిగేవి!

ఆ దారి పక్కనే ప్లాస్ దుఆల్ట్ అనే పాత రాతి ఇల్లుంది. 'దుఆల్ట్' అంటే నల్లని కొండవాలు. రైలు రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందు నుంచే ఆ ఇల్లు అక్కడుంది.

1946లో రైళ్లు ఆగిపోయాయి. రైలంటే ప్రాణమిచ్చే మామూలు జనం పూనుకుని 1955లో మళ్లీ నడిపించారు. 1960లలో కల్నల్ ఆండ్రూ క్యాంప్‌బెల్ ఆ ఇల్లు తీసుకుని బాగుచేయించారు. చిక్కేమిటంటే, ఇంటికి రోడ్డు లేదు. అందుకని ఇంటి దగ్గరే ఒక చిన్న ప్లాట్‌ఫారం, సొంతానికి ఓ చిన్న డీజిల్ ఇంజను ఏర్పాటు చేసుకున్నారు. ఊళ్లోకి వెళ్లాలన్నా ఇంటికి రావాలన్నా ఆ పట్టాల మీదే.

ఇంతలో కరెంటు ఉత్పత్తి కోసం కట్టిన జలాశయంలో పైభాగం లైను మునిగిపోయింది. దాన్ని తప్పించుకుని పైకెక్కాలంటే కొండ తొలిచి కొత్త దారి వేయాలి. 1965 నుంచి వాలంటీర్లు సెలవు రోజుల్లో వచ్చి పలుగూ పారా పట్టారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. బండలు పేల్చే లైసెన్సున్న కల్నల్ గారు కూడా వాళ్లతో కలిశారు. తనను ఇంటికి చేర్చిన రైలుకు ఆయన రాళ్లు పగలగొట్టి దారిచ్చారు. ఆ ఇంటికి దగ్గర్లోనే లైను పాములా చుట్ట తిరిగి, తన మీదుగా తనే దాటి పైకెక్కుతుంది.

1982లో రైలు తిరిగి లైను పైకొసనున్న బ్లైనై ఫెస్టినియోగ్ ఊరు చేరింది. 2021లో యునెస్కో ఆ పలకరాతి సీమను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇంటి పక్కనున్న ఆ చిన్న ప్లాట్‌ఫారాన్ని నేటికీ క్యాంప్‌బెల్ ప్లాట్‌ఫారం అనే పిలుస్తారు.