సియాటిల్ మెరైనర్స్ 2026: ఈసారైనా వరల్డ్ సిరీస్ గుమ్మం తొక్కుతామా? పూర్తి టీమ్ రివ్యూ

నమస్తే అండీ. మార్చి 26న మన బేస్‌బాల్ జట్టు మెరైనర్స్ మళ్లీ బరిలోకి దిగుతున్నారు. సొంత గ్రౌండ్ టీ-మొబైల్ పార్క్‌లో, క్లీవ్‌ల్యాండ్ గార్డియన్స్ మీద. ఈ వీడియోలో జట్టుని విప్పి చూద్దాం. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ పల్చగా ఉంది, ఏది దెబ్బతింటే సీజన్ మొత్తం దెబ్బతింటుంది, అన్నీ మాట్లాడుకుందాం. సియాటిల్ పక్కన రెడ్‌మండ్, బెల్వ్యూ వైపు ఉన్న మనవాళ్లలో చాలామంది క్రికెట్‌తో పెరిగినవాళ్లే కాబట్టి అవసరమైన చోట క్రికెట్ భాషలోనే చెప్తాను.

ముందు ఒక్క సీన్ గుర్తు చేసుకోవాలి. 2025 అక్టోబర్ 20, టొరంటో. అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్, టొరంటో బ్లూ జేస్‌తో ఏడో మ్యాచ్. గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, ఓడినవాళ్లు ఇంటికి. మనం 3-1తో ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్‌లో మన పిచ్చర్, అంటే బౌలర్, బ్రయన్ వూ మొదటి బ్యాటర్‌కి వాక్ ఇచ్చాడు (నాలుగు బంతులు జోన్ బయట వేస్తే బేస్ ఉచితం), రెండోవాడు సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు, మూడోవాడు బంట్ చేసి, అంటే బంతికి బ్యాట్ మెత్తగా ఆనించి, తను అవుటై ఇద్దరు రన్నర్లనీ ముందుకు జరిపాడు. రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు, ఒక అవుట్. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు, కాబట్టి ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే చాలు. అప్పుడు వూని తీసేసి ఎడ్వర్డ్ బజార్డోని దింపారు. అతను వేసిన సింకర్‌ని, అంటే చివర్లో దిగే ఫాస్ట్‌బాల్‌ని, టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ లెఫ్ట్ ఫీల్డ్ స్టాండ్స్‌లోకి లేపాడు. హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. ఇద్దరు రన్నర్లతో కలిపి మూడు రన్స్. 4-3. స్కోరు ఇక కదల్లేదు. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైంది.

1977లో మొదలైన జట్టు మనది. మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో ఇప్పటిదాకా వరల్డ్ సిరీస్ ఒక్కసారి కూడా ఆడనిది మనదొక్కటే. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా ఆ గుమ్మం తొక్కలేకపోయాం. అందుకే ఆ సింకర్ గురించి చలికాలమంతా మాట్లాడుకున్నారు. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: అంత కీలకమైన చోట, ఆ సీజన్‌లో 1.73 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే సగటు రన్స్) 38 సేవ్‌లు తీసిన, అంటే అన్నిసార్లు చివర్లో ఆధిక్యం కాపాడిన ఆండ్రెస్ మున్యోజ్‌ని ఎందుకు దింపలేదు?

అడగాల్సిన ప్రశ్నే. కానీ నా లెక్కలో అసలు జబ్బు ఆ ఒక్క నిర్ణయం కాదు. ఆ సిరీస్‌లో స్టార్టింగ్ పిచ్చర్లు, అంటే మ్యాచ్ మొదలుపెట్టేవాళ్లు, ఎంతసేపు నిలబడ్డారో చూడండి. మొదటి మ్యాచ్‌లో బ్రైస్ మిల్లర్ 6 ఇన్నింగ్స్ వేశాడు. ఆ తర్వాత ఆరు మ్యాచ్‌ల్లో ఒక్క స్టార్టర్ కూడా ఐదో ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. నాలుగు ఇన్నింగ్స్‌కే స్టార్టర్ దిగిపోతే మిగతా ఐదు ఇన్నింగ్స్ బుల్‌పెన్, అంటే తర్వాత వచ్చే రిలీవర్ల, నెత్తిన పడతాయి. అదే నలుగురు రిలీవర్లు రోజు మార్చి రోజు వస్తుంటే వాళ్ల బంతిని ఎదుటి బ్యాటర్లు మూడోసారి, నాలుగోసారి చూస్తారు. ఎక్కడ వంగుతుందో కంటికి అలవాటవుతుంది. స్ప్రింగర్ లాంటి సీనియర్‌కి ఆ అలవాటు చాలు.

స్టార్టర్లు ఎందుకు అలిసిపోయారంటే, అంతకుముందు రౌండ్‌లో డెట్రాయిట్ టైగర్స్‌తో ఐదో మ్యాచ్ 15 ఇన్నింగ్స్ సాగింది. హోర్హే పొలాంకో సింగిల్‌తో 3-2గా గెలిచాం, ఆనందమే. కానీ ఆ రాత్రి లోగన్ గిల్బర్ట్‌నీ లూయిస్ కాస్టియోనీ కూడా రిలీఫ్‌లో వాడాల్సొచ్చింది. దానికితోడు ఏడాది పొడవునా గాయాలు. జార్జ్ కిర్బీ భుజం వాపుతో సీజన్ ఆలస్యంగా మొదలుపెట్టాడు. గిల్బర్ట్ మోచేతి దగ్గర ఫ్లెక్సర్ కండరం పట్టేసి వారాల తరబడి కూర్చున్నాడు. మిల్లర్‌కి మోచేయి రెండుసార్లు ఇబ్బంది పెట్టింది, 2024లో 2.94 ఉన్న ఈఆర్ఏ 5.68కి పోయింది. వూ సెప్టెంబర్ దాకా రాయిలా నిలబడి చివర్లో ఛాతీ కండరం గాయంతో ఆగిపోయాడు.

కాబట్టి ఈ సీజన్ మీద నా ఆశంతా ఒకే చోట పెట్టుకున్నాను: ఈ ఐదుగురు స్టార్టర్ల చేతులూ అక్టోబర్‌కి, అంటే ప్లేఆఫ్‌లకి, తాజాగా చేరాలి. మన క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) కాల్ రాలీ మళ్లీ 60 హోమ్ రన్స్ కొట్టకపోయినా ఫర్వాలేదు. కిర్బీ, గిల్బర్ట్, వూ ముగ్గురూ అక్టోబర్‌లో ఆరేసి ఇన్నింగ్స్ వేయగలిగితే ఈ జట్టు వరల్డ్ సిరీస్ ఆడుతుంది.

వూ సంగతి కాస్త దగ్గరగా చూడండి. 2025లో మొదటి 25 స్టార్ట్‌లలో ప్రతిదాంట్లోనూ కనీసం 6 ఇన్నింగ్స్ వేశాడు. 15 విజయాలు, 2.94 ఈఆర్ఏ. అతని దగ్గర మాయాజాలం బంతులేమీ లేవు. పదిలో సుమారు ఏడు ఫాస్ట్‌బాల్సే, ఫోర్-సీమ్ (నేరుగా వచ్చే ఫాస్ట్‌బాల్) కొన్ని, సింకర్ కొన్ని. చెయ్యి కాస్త కిందనుంచి వస్తుంది. అంత కిందనుంచి వచ్చిన బంతి దిగాలని బ్యాటర్ కన్ను లెక్కేస్తుంది, కానీ అతని ఫోర్-సీమ్ అనుకున్నంత దిగదు. బ్యాట్ కిందనుంచి పోతుంది, బంతి పైనుంచి పోతుంది. అదే చెయ్యి, అదే కోణంలో సింకర్ వేస్తే అది కుడిచేతి బ్యాటర్ ఒంటిమీదికి వస్తుంది. రెండింటికీ తేడా తెలిసేలోపు స్వింగ్ అయిపోతుంది. ఇది పనిచేయాలంటే వేగం తగ్గకూడదు. అందుకే వూ పిచింగ్ చేసే రోజు స్కోరుబోర్డు కన్నా ఐదో ఇన్నింగ్స్‌లో వేగం చూడండి. మొదటి ఇన్నింగ్స్‌తో పోలిస్తే ఒకటిన్నర, రెండు మైళ్లు పడిపోయిందా, ఫోర్-సీమ్ నడుము ఎత్తుకి జారుతోందా, అది అలసట గుర్తు. ఒక్కరోజైతే మామూలే. వరసగా మూడు స్టార్ట్‌లలో అలా కనిపిస్తే అతన్ని ఒక వారం ఆపాల్సిందే.

మేనేజర్ డాన్ విల్సన్ పాత క్యాచర్, పిచ్చర్ చెయ్యి భాష తెలిసినవాడు. మే, జూన్ నెలల్లో అప్పుడప్పుడు ఆరో స్టార్టర్‌ని మధ్యలో తెచ్చి మిగతావాళ్లకి ఒకరోజు అదనపు విశ్రాంతి ఇస్తే ఒక మ్యాచ్ పోవచ్చు. పోనివ్వండి. గిల్బర్ట్ గతేడు 131 ఇన్నింగ్స్‌లో 173 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే మూడు స్ట్రైకులతో అవుట్ చేశాడు. అలాంటి చెయ్యి అక్టోబర్‌లో ఉండటం కోసం జూన్‌లో ఒక ఓటమి భరించవచ్చు.

ఇక కాల్ రాలీ. 60 హోమ్ రన్స్. ఒక క్యాచర్ ఒకే సీజన్‌లో కొట్టిన పాత రికార్డు సాల్వడోర్ పెరెజ్‌ది, 48. కుడి, ఎడమ రెండు వైపులా ఆడే బ్యాటర్లలో మిక్కీ మాంటిల్ 54. మన జట్టులో కెన్ గ్రిఫీ జూనియర్ 56. మూడూ ఒకే ఏడాదిలో దాటేశాడు. వికెట్ కీపింగ్ చేస్తూ ఓపెనర్‌గా సీజన్ టాప్ స్కోరర్ అయినట్టు ఊహించుకోండి, అదీ 159 మ్యాచ్‌లు ఆడి.

భయం కూడా ఆ 159 దగ్గరే. క్యాచర్ ఒక మ్యాచ్‌లో వంద పైచిలుకు సార్లు గుంజీలు తీసినట్టు కూర్చుని లేవాలి. బ్యాట్ అంచుకి తగిలి వచ్చే ఫౌల్ టిప్‌లు మాస్క్ మీద, భుజాల మీద తగులుతూనే ఉంటాయి. మోకాళ్లు అలిస్తే ముందు కీపింగ్‌లో కాదు, బ్యాటింగ్‌లో తెలుస్తుంది. కాళ్ల బలం తగ్గి, స్టాండ్స్‌లో పడాల్సిన బంతి గోడ ముందు క్యాచ్ అవుతుంది. విశ్రాంతికి అతన్ని డీహెచ్‌గా వాడతారు, అంటే బ్యాటింగ్ మాత్రమే. కానీ అప్పుడు వెనకాల కూర్చోడానికి నమ్మకమైన రెండో క్యాచర్ కావాలి కదా. ఆ స్థానానికి పెంచుకున్న హ్యారీ ఫోర్డ్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి లెఫ్ట్‌హ్యాండ్ రిలీవర్ హోసే ఫెర్రర్‌ని తెచ్చారు. బుల్‌పెన్‌కి మంచి బేరమే. గేబ్ స్పైయర్ ఒక్కడే లెఫ్ట్‌హ్యాండ్ బరువంతా మోసే బాధ తప్పుతుంది. కానీ రాలీకి వెనక దన్ను పల్చబడింది. ఈ జట్టులో నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదొక్కటే.

ఈ ఏడాది కొత్త రూల్ ఒకటి రాలీ విలువని ఇంకా పెంచబోతోంది. బాల్, స్ట్రైక్ నిర్ణయాలకి (బంతి జోన్‌లోంచి పోతే స్ట్రైక్, బయటనుంచి పోతే బాల్) ఛాలెంజ్ వచ్చింది. మన డీఆర్ఎస్ లాంటిదే, కానీ ఇంకా చురుగ్గా ఉంటుంది. జట్టుకి మ్యాచ్‌కి రెండు ఛాలెంజ్‌లు. గెలిస్తే మిగులుతుంది, ఓడితే పోతుంది. అడిగే హక్కు బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ముగ్గురికే. డగౌట్ నుంచి సైగ చేయకూడదు. అంపైర్ చెప్పిన వెంటనే టోపీ మీదో హెల్మెట్ మీదో చేత్తో తట్టాలి, ఆలోచించడానికి సమయం ఉండదు. జోన్ వెడల్పు 17 అంగుళాలు. పైహద్దు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కిందిహద్దు 27 శాతం.

2025 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో దీన్ని పరీక్షించినప్పుడు క్యాచర్లు వేసిన ఛాలెంజ్‌లలో 56 శాతం నెగ్గాయి, బ్యాటర్లవి 50, పిచ్చర్లవి 41. కారణం తేలికే. పిచ్చర్ తన బంతి అంతా స్ట్రైకే అనుకుంటాడు, పైగా అరవై అడుగుల దూరంలో ఉంటాడు. బంతి ఎక్కడ పడిందో గ్లవ్‌తో పట్టినవాడికే తెలుస్తుంది. కాబట్టి మనవాళ్లు పాటించాల్సిన పద్ధతి ఇది: పిచ్చర్లు టోపీ ముట్టుకోకూడదు, రాలీకే వదిలెయ్యాలి. మొదటి మూడు ఇన్నింగ్స్‌లో, బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకటి రెండు బంతుల కౌంట్‌కి ఛాలెంజ్ పారేసుకోకూడదు. మూడు బాల్స్ రెండు స్ట్రైకుల దగ్గర, రన్నర్లు ఉన్నప్పుడు వాడాలి. రాలీకి ఫ్రేమింగ్ కూడా వచ్చు, అంటే అంచున పడ్డ బంతిని గ్లవ్‌తో మెత్తగా లోపలికి తెచ్చి స్ట్రైక్ అనిపించడం. దాని విలువ కొంత తగ్గుతుంది గానీ పోదు, రెండు ఛాలెంజ్‌లూ అయిపోయాక ఎదుటివాళ్లు ఏం చేయగలరు?

జాష్ నేలర్‌ని 5 ఏళ్లకి 92.5 మిలియన్ డాలర్లకి ఉంచుకోవడం ఈ చలికాలంలో జరిగిన అన్నింటికన్నా మంచి పని. ఫస్ట్ బేస్‌మన్, లావుపాటి మనిషి, లీగ్‌లో బాగా నెమ్మదిగా పరిగెత్తేవాళ్లలో ఒకడు. అయినా జులై చివర్లో మన జట్టుకి వచ్చాక 19 సార్లు బేస్ దొంగిలించడానికి, అంటే బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తడానికి, ప్రయత్నించి 19 సార్లూ నెగ్గాడు. ఎలాగంటే, 2023 నుంచి పిచ్చర్ ఒక బ్యాటర్‌కి రెండుసార్లు మాత్రమే బేస్ వైపు విసరడానికో, కాలు దించడానికో వీలుంది. మూడోసారి విసిరి అవుట్ చేయలేకపోతే రన్నర్‌కి బేస్ ఉచితం. బేస్ పలక కూడా 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది. నేలర్ పిచ్చర్ ముందు కాలునే చూస్తాడు. ఆ కాలు బ్యాటర్ వైపు కదలడం మొదలైన క్షణాన, ఇంకా పూర్తిగా లేవకముందే బయల్దేరతాడు. వేగం లేకపోయినా ఆ అరసెకను అతన్ని గట్టెక్కిస్తుంది. ఈసారి అతని లీడ్, అంటే బేస్ వదిలి ఎంత ముందుకు జరిగి నిలబడతాడో, చూడండి, బంతి కన్నా అదే బాగుంటుంది.

హూలియో రోడ్రిగెజ్ గతేడు 32 హోమ్ రన్స్, 30 స్టీల్స్ (దొంగిలించిన బేస్‌లు). ఏప్రిల్, మే నెలల్లో తడబడటం, జులై నుంచి విరుచుకుపడటం అతనికి మామూలు. మొదట్లో కంగారు పడకండి. ఏప్రిల్‌లో మన గ్రౌండ్ కూడా బ్యాటర్లకి సాయం చేయదు. పైకప్పు మూసినా అది గొడుగు లాంటిదే, పక్కలు తెరిచే ఉంటాయి. సముద్రపు చల్లగాలి లోపలికి వస్తుంది, బరువైన ఆ గాలిలో బంతి ఎక్కువ దూరం పోదు.

వెళ్లినవాళ్ల లోటు ఉంది. పొలాంకో మెట్స్‌కి, యుహేనియో సువారెజ్ సిన్సినాటికి వెళ్లిపోయారు. ఇద్దరూ హోమ్ రన్స్ బాగా కొట్టేవాళ్లే. బదులుగా సెయింట్ లూయిస్ నుంచి బ్రెండన్ డొనోవన్ వచ్చాడు. హోమ్ రన్స్ ఎక్కువ కొట్టడు, కానీ తేలిగ్గా స్ట్రైకవుట్ కాడు, ఎక్కడ నిలబెట్టినా ఫీల్డింగ్ చేస్తాడు. రన్నర్ మూడో బేస్‌లో ఉన్నప్పుడు బ్యాట్‌కి బంతి తగిలించేవాడు మనకి కావాలి, ఆ పని చేస్తాడు. కోల్ యంగ్ రెండో ఏడు ఎలా ఆడతాడన్నది, కుర్రాడు కోల్ట్ ఎమర్సన్ ఎప్పుడు మేజర్ లీగ్‌కి వస్తాడన్నది చూడాలి. జే.పీ. క్రాఫర్డ్, రాండీ అరోజరెనా ఇద్దరికీ ఇది కాంట్రాక్ట్ చివరి ఏడు. ఈ గుంపుతో ఇదే ఆఖరి అవకాశం కావచ్చు.

మన డివిజన్‌లో, అంటే లీగ్‌లో మన గ్రూపులో, హ్యూస్టన్ ఆస్ట్రోస్ గతేడు 87 గెలిచి ప్లేఆఫ్‌కి దూరమయ్యారు, ఊరుకోరు. మనం 90-72తో 2001 తర్వాత మొదటిసారి డివిజన్ గెలిచాం, కానీ అందులో 51 సొంత గ్రౌండ్‌లోనివి. బయట 39-42. ఈసారి బయట 43, 44 తెస్తే, సొంత గ్రౌండ్‌లో రెండు మూడు తగ్గినా డివిజన్ మనదే అవుతుంది. లీగ్‌లో మొదటి రెండు డివిజన్ విజేతల్లో ఉంటే ప్లేఆఫ్‌లలో మొదటిదైన మూడు మ్యాచ్‌ల వైల్డ్ కార్డ్ రౌండ్ తప్పుతుంది. అంటే పిచ్చర్లకి నాలుగైదు రోజుల విశ్రాంతి, మళ్లీ అదే ఆ ఐదు చేతుల లెక్క.

ఇండియాలో చూసేవాళ్లకి: సియాటిల్‌లో సాయంత్రం 6:40కి మొదలయ్యే మ్యాచ్ మనకి మర్నాడు పొద్దున్న 7:10కి వస్తుంది. కాఫీ కలుపుకుని కూర్చుంటే సరిపోతుంది. వూ వేసే రోజు చూస్తుంటే ఐదో ఇన్నింగ్స్‌లో ఫాస్ట్‌బాల్ వేగం రాసి కామెంట్‌లో పెట్టండి. ప్రతి నెలాఖరుకీ ఐదుగురు స్టార్టర్ల ఇన్నింగ్స్, వేగం ఒక పట్టికగా ఇక్కడే పెడతాను. మొదటిది ఏప్రిల్ 30న.