కోసేసిన చోటే రాగం మొదలైంది

నమస్తే అండి. ఈ వీడియోలో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. మర్చిపోయి కాదు, కావాలనే పెట్టలేదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే మాత్రం సర్దుకోండి. కూకట్‌పల్లిలో ఎండాకాలం ఫ్యాన్ ఆపేసి రికార్డు చేసేంత కళాతృష్ణ నాకు లేదు.

మొన్న ఆదివారం పనేమీ లేక యూట్యూబ్‌లో నా 'వాచ్ లేటర్' లిస్టు తెరిచాను. 412 వీడియోలు. కిందికి లాగుతుంటే సిగ్గేసింది. సగానికి సగం కచేరీలే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారివి, షేక్ చినమౌలానా గారి నాదస్వరం, చిట్టిబాబు గారి వీణ, మాండలిన్ శ్రీనివాస్ గారివైతే లెక్కే లేదు. గంటన్నర, రెండు గంటలు, కొన్ని మూడు గంటలు కూడా. కొన్ని ఐదారేళ్ల కిందట దాచుకున్నవి. థంబ్‌నెయిల్ కింద ఎర్ర గీత ఉంటుంది చూశారా, ఎంతవరకూ చూశామో చెప్పేది. చాలావాటికి అసలా గీతే లేదు. ఉన్నవాటికి గోరంత ఉంది.

ఇదే నేను ఎవరైనా అడిగితే 'మాండలిన్ శ్రీనివాస్ అంటే ప్రాణం అండి నాకు' అంటాను. ఇన్‌స్టాగ్రామ్ బయోలో కూడా చిన్న మాండలిన్ బొమ్మ పెట్టుకున్నాను. అది మాండలిన్ కాదు, బాంజో అని ఒకతను చెప్పాడు లెండి. ఆ ఎమోజీల్లో మాండలిన్ లేదు, నేనేం చెయ్యను.

సరే, అసలు సంగతికి వస్తాను. రెండు నెలల కిందట ఒక రీల్ చేశాను. శ్రీనివాస్ గారి పాత కచేరీ ఒకటి, కల్యాణి రాగం ఆలాపన. నాకు సంగీతం రాదండోయ్, ముందే చెప్తున్నా. రాగం పేరు వీడియో టైటిల్లో చూసి చెప్తున్నాను. అందులోంచి 28 సెకన్లు కోశాను. వేళ్లు గబగబా పరిగెడతాయి, చివర్లో ఆయన కళ్లెత్తి చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గర కట్. పైన పసుపు రంగు అక్షరాలతో 'మన పాలకొల్లు బిడ్డ' అని వేశాను. నా మిగతా వీడియోలన్నీ కలిపినా రానన్ని వ్యూస్ ఆ ఒక్కదానికి వచ్చాయి. గంటకోసారి తెరిచి చూసుకున్నాను. గంటకోసారా? ఎవరికి చెప్తున్నాను, ఐదు నిమిషాలకోసారి.

కామెంట్లు కూడా బాగానే వచ్చాయి. మంటలు, దండాలు, 'ఇది గిటారా బ్రో' అని ఒకరు. వాటి మధ్యలో ఒక పెద్దాయన, ప్రొఫైల్ ఫొటోలో వినాయకుడి బొమ్మ ఉంది, ఒకే ఒక్క వాక్యం రాశారు. 'బాబూ, మీరు కోసేసిన చోటే రాగం మొదలైంది.'

కోపం వచ్చింది నాకు. వచ్చిన లక్షణమైన కామెంట్లన్నీ వదిలేసి దానికే జవాబు రాయబోయాను, 'అంకుల్, రీల్ అంటే అంతే ఉంటుంది' అని. టైప్ చేసి చెరిపేశాను. ఎందుకంటే నేనెక్కడ కోశానో నాకు బాగా తెలుసు. ఆయన నవ్విన తర్వాత రెండు మూడు సెకన్లు ఏమీ వాయించడు. ఊరికే ఉంటాడు. రీల్లో ఏమీ లేని రెండు సెకన్లు వచ్చాయంటే జనం బొటనవేలు పైకి తోసేస్తుంది. అందుకని కోశాను. ఆ తర్వాత ఏముందో నేను వినలేదు. అదీ సంగతి.

ఇక్కడ శ్రీనివాస్ గారి గురించి కొంచెం చెప్పాలి. పాలకొల్లు అంటే మనకి అల్లు రామలింగయ్య గారు, దాసరి నారాయణరావు గారు, క్షీరారామం గుడి గుర్తొస్తాయి. అదే ఊళ్లో 1969లో పుట్టారు ఈయన. వాళ్ల నాన్న సత్యనారాయణ గారు మాండలిన్ వాయించేవారు. ఆరేళ్ల పిల్లాడు ఆ వాయిద్యం తీసి వాయించడం మొదలుపెడితే, నాన్నగారికి అర్థమైపోయింది వీడు మామూలోడు కాడని. రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గరికి శిష్యరికానికి పంపారు. ఆయన కర్ణాటక సంగీత గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ గారి శిష్యులు, గాత్రం మనిషి.

నాకు ఒళ్లు జలదరించే విషయం ఇక్కడే ఉంది. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. గురువుకి రాని వాయిద్యం శిష్యుడు నేర్చుకుంటున్నాడు! మరి పాఠం ఎలా? గురువు పాడేవారు. పిల్లాడు విని, అదే గొంతుని తీగ మీదికి తెచ్చేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవాళ్లు లేరు. ఇది పాశ్చాత్య వాయిద్యం కదా, కర్ణాటక సంగీతంలో దీనికి అప్పటికి దారే లేదు. గొంతులో జారుడు ఎలా ఉందో చెవితో పట్టుకోవాలి, వేలితో వెతుక్కోవాలి.

పైగా మాండలిన్ మొండి వాయిద్యం. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. మీటితే టింగుమంటుంది, అంతలోనే చచ్చిపోతుంది. మన సంగీతంలో స్వరం ఊగాలి, జారాలి, గమకం అంటారు. జంట తీగల్ని లాగి ఊపడం కష్టం, ఊపినా శబ్దం నిలబడదు. అందుకని ఈయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు, ఐదు తీగలు చేసుకున్నారు. ఇప్పుడు స్వరం నిలబడింది, లాగితే గొంతులా వంగింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు డిసెంబరు కచేరీల సీజన్లో వాయించేటప్పటికి పన్నెండు. ఆ వయసులో నేను భీమవరంలో సైకిల్ చైను పడిపోతే ఎక్కించుకోవడం నేర్చుకుంటున్నాను.

నిజం చెప్పాలంటే ఈ కథంతా నాకు ముందే తెలుసు. ఏ సంవత్సరంలో ఎక్కడ వాయించారో, జాన్ మెక్‌లాగ్లిన్, జాకిర్ హుస్సేన్ గార్లతో 'రిమెంబర్ శక్తి' అనే సంగీత బృందంలో ఎలా కలిశారో, 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్లకే ఎలా వెళ్లిపోయారో, అన్నీ తెలుసు. రీళ్లలో, థ్రెడ్లలో, 'ఈయన గురించి మీకు తెలియని ఐదు విషయాలు' లాంటి వాటిలో పోగేసుకున్నాను. వినడమే తక్కువైంది. ఆయన చెవితో నేర్చుకున్న విద్యని నేను కంటితో లాగించేస్తున్నాను.

మా అమ్మ ఒకసారి అడిగింది. నేను సోఫాలో ఫోన్ మొహానికి అడ్డం పెట్టుకుని కచేరీ పెట్టాను. వంటింట్లో బెండకాయలు తరుగుతూ, 'అది ఎవర్రా?' అంది. 'చినమౌలానా గారమ్మా, చూస్తున్నాను' అన్నాను. 'నాదస్వరాన్ని చూడ్డం ఏంట్రా?' అంది. అని బెండకాయల్లో పడిపోయింది. నేను వేరే వీడియోకి వెళ్లిపోయేసరికి వంటింట్లోంచి అరుపు. 'ఏంట్రా, మధ్యలో ఆపేశావ్!' అంటే ఇంట్లో వింటున్న మనిషి ఆవిడొక్కర్తే అన్నమాట.

ఇంకో దరిద్రపు అలవాటు ఒప్పుకోవాలి. జాకిర్ హుస్సేన్ గారి విషయం గుర్తుందా, 2024 డిసెంబరు 15, ఆదివారం రాత్రి. పోయారని వార్త వచ్చింది. నేను అన్నం తింటున్నాను. ఎడంచేత్తో ఫోన్ తీసి, ఆయన జుట్టు ఎగురుతున్న ఫొటో వెతికి, కింద 'తబలా మూగబోయింది' అని రాసి స్టేటస్ పెట్టాను. మూడు నిమిషాలు పట్టలేదు. కాసేపటికి 'ఆయన ఇంకా ఉన్నారు, ప్రార్థించండి' అని మొదలైంది. అమ్మో అనుకుని తీసేశాను. ఈలోపు 61 మంది చూసేశారు. తెల్లవారాక కుటుంబమే నిజమని చెప్పింది. మళ్లీ అదే ఫొటో, అదే వాక్యం పెట్టాను. ఒకే మనిషికి రెండుసార్లు నివాళి. ఆ రాత్రి, ఆ పొద్దున, రెండిట్లోనూ ఆయన తబలా ఒక్క నిమిషం కూడా వినలేదు నేను. ఎవరు నా స్టేటస్ చూశారో మాత్రం చూసుకున్నాను.

ఫోన్ మొత్తం పాపిష్టిదని అనట్లేదు. గాయకుడు ఎస్పీ బాలు గారి సంగతే తీసుకోండి. 2020 ఆగస్టు 5న ఆయనే ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టారు. కోవిడ్ వచ్చింది, లక్షణాలు కొంచెమే, కంగారుపడి ఫోన్లు చెయ్యకండి అని. ఆ గొంతే మనకి ధైర్యం చెప్పింది. తర్వాత విషమించింది. వాళ్లబ్బాయి చరణ్ గారు వీడియోల్లో కబురు చెప్తుంటే ఊళ్లకి ఊళ్లు ఫోన్ పట్టుకుని కూర్చున్నాయి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పొద్దున్నే పాలప్యాకెట్లు ఇస్తూ 'చరణ్ బాబు ఏమన్నాడండి?' అని అడిగేవాడు. ఆగస్టు 20 సాయంత్రం ఆరింటికి ఎవరి చోట వాళ్లు బాలు గారి పాట పెట్టి ప్రార్థించండని తమిళ దర్శకుడు భారతీరాజా గారు పిలుపునిచ్చారు. నేనూ బాల్కనీలో పెట్టాను. ఎదురు బ్లాకులో ఇంకెవరో వేరే పాట పెట్టారు. రెండూ కలిసి గందరగోళం. అయినా ఎవరూ ఆపలేదు. ఆ నాలుగు నిమిషాలూ నేను ఫోన్ ముట్టుకోలేదు. సెప్టెంబరు 25న ఆయన వెళ్లిపోయారు.

అదే బాలు గారి విషయంలోనే నా ఇంకో ఘనకార్యం కూడా ఉంది. 2017లో అమెరికా కచేరీల్లో తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా గారి తరఫున నోటీసు వచ్చింది. ఆ విషయం బాలు గారే ఫేస్‌బుక్‌లో రాశారు, అభిమానుల్ని గొడవ పెద్దది చెయ్యొద్దని కూడా కోరారు. మనం ఊరుకుంటామా? నేను రెండు రోజులు నిద్ర మానేసి కామెంట్లలో యుద్ధం చేశాను. స్వరం గొప్పదా, గొంతు గొప్పదా అని. వాళ్లిద్దరూ 2019లో మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. నేనూ, అప్పుడు నన్ను 'నీకు సంగీతం ఏం తెలుసురా' అని తిట్టినాయనా మాత్రం ఇంకా కలవలేదు. అతను అడిగిన ప్రశ్నలో న్యాయం ఉందని ఈమధ్య అనిపిస్తోంది.

సరే, ఆ పెద్దాయన కామెంట్ నన్ను వదల్లేదు. మొన్న ఆదివారం రాత్రి, ఆ 412 చూశాక, అదే కచేరీ మళ్లీ పెట్టాను. ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టాను, స్పీకర్ కలిపాను. మొదటి పది నిమిషాలు నరకం. చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్తోంది, ఖాళీ జేబు తడిమి వెనక్కి వస్తోంది. ఇప్పుడు ఎంతసేపైందో, ఇంకా ఎంతుందో తెలియట్లేదు. ఆ కింద గీత కనపడకపోతే మనిషికి ఇంత కంగారా అనిపించింది.

తర్వాత నేను కోసిన ముక్క వచ్చింది. ఆ పరుగు, ఆ ఆగడం. ఆయన నవ్వుతున్నాడని నాకు తెలుసు, కానీ కనపడట్లేదు. ఆ రెండు సెకన్లలో తంబూరా ఉంది. నా రీల్లో తంబూరా వినిపించనే లేదు, వేళ్ల పరుగు కింద కప్పబడిపోయింది. ఆ తర్వాత కింద ఎక్కడో ఒక స్వరం మెల్లిగా ముట్టుకున్నాడు. దాన్నుంచి పైకి వెళ్లాలి కదా, వెళ్లడు. దాని చుట్టూనే తిరుగుతాడు. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని చుట్టంలా. కల్యాణిలో ప్రతిమధ్యమం అని ఒక స్వరం ఉంటుందట, ఆ రాగానికి ప్రాణం అదేనట. అది వస్తుందేమోనని నేను, సంగీతం రాని నేను, సోఫా అంచుకి జరిగి కూర్చున్నాను. ఎప్పటికో దాని మీదికి జారాడు. మీటలేదు, జారాడు. ఒక మనిషి గొంతు 'ఆ' అన్నట్టే వినిపించింది. సుబ్బరాజు గారి గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు. అది విన్నానేమో అనిపించింది.

వయొలిన్ ఆయన వెంటనే అందుకోలేదు. కొంచెం ఆగి అందుకున్నారు.

అమ్మ గదిలోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏమీ అనలేదు.

ఆ రీల్ నేను తీసెయ్యలేదు. వ్యూస్ మీద అంత వైరాగ్యం రాలేదింకా. ఆ పెద్దాయన కామెంట్‌ని మాత్రం పైన పిన్ చేశాను. ఆయన దానికి లైక్ కొట్టారు, అంతే. ఈ వీడియోకి ఆ కల్యాణిని బ్యాక్‌గ్రౌండ్‌గా వేద్దామని ముందు అనుకున్నాను. వేస్తే మళ్లీ ఎక్కడో ఒకచోట కొయ్యాలి.

మొత్తం కచేరీ లింకు డిస్క్రిప్షన్‌లో ఉంది. 'వాచ్ లేటర్'లో వేసుకోకండి, దండం పెడతాను. నా దగ్గర ఇంకా 411 ఉన్నాయి.