ముందు చిన్నవాళ్లను మాట్లాడనివ్వండి
(విశాఖపట్నంలో యువ టీమ్ లీడ్‌ల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల క్రితం రుషికొండ కొండ మీద ఓ ఆఫీసులో నేను టీమ్ లీడ్‌ని. ఓడల సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మా పని. ఓ శనివారం రాత్రి కొత్త వెర్షన్ పెట్టాం. తెల్లారేసరికి తేదీల్లో రోజు, నెల తారుమారు. జులై 5న రావాల్సిన ఓడ మే 7నే వచ్చేసినట్టు చూపిస్తోంది. దిద్దుకోడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తప్పు మా టీమ్‌లో ఒకమ్మాయి ముందే చూసింది. పాడేరు వైపు నుంచి వచ్చి అప్పటికి ఆర్నెల్లు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెప్దామనే అనుకున్నాను సార్. మీరు డౌట్స్ ఉన్నాయా అని అడిగేసరికే అందరూ కుర్చీలు జరిపేశారు" అంది. నిజమే. మీటింగంతా ఇంగ్లీషులో నేనే మాట్లాడి, గడియారం చూసుకుంటూ ఆ మాట అడిగాను. తప్పు నాది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో డచ్ సంస్థ కేఎల్ఎం విమానం రన్‌వే మీద పరుగందుకున్నాక, అవతలి విమానం ఇంకా పక్కకు తప్పుకోలేదేమోనని ఫ్లైట్ ఇంజినీరు అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజినీరు మళ్లీ అడగలేదు. పైవాడికి అడ్డు చెప్పడం, కిందివాడి మాట వినడం రెండూ పైలట్లకు శిక్షణలో నేర్పడం ఆ తర్వాతే ఊపందుకుంది.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. బాగా పనిచేసే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, నమోదైనవి ఎక్కువ కనిపించాయి. వాళ్లు దాచుకోకుండా చెప్పుకోవడమే కారణమని ఆమె తేల్చారు. అందుకే తప్పులేవీ బయటికి రాని టీమ్‌ని చూస్తే నాకు భయం.

మరో సంగతి. మన దగ్గర సగం నిర్ణయాలు రోడ్డవతల టీ బండి దగ్గర అయిపోతాయి. అక్కడికి రానివాళ్లెవరో ఎప్పుడైనా చూశారా? సాయంత్రం గాజువాక బస్సు అందుకోవాల్సిన ఆడవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్న సహోద్యోగి, మన తెలుగు కబుర్లు అందని ఒడియా కుర్రాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ర్యాంపు కట్టించొచ్చు, టీ బండి దగ్గర తేలిన మాట మాత్రం వాళ్లదాకా రాదు.

అందుకని మేం సాయంత్రం మీటింగును పదకొండింటికి మార్చాం. బండి దగ్గర ఏమనుకున్నా, గ్రూపులో రాసేదాకా అది నిర్ణయం కాదన్నాం. మాట్లాడటం ఆఖర్న చేరినవాళ్లతో మొదలు, లీడ్ వంతు చివర. మొదటి నెల గది నిశ్శబ్దంగానే ఉంది. ఆ నిశ్శబ్దాన్ని నా మాటలతో నింపకుండా ఆపుకోవడమే నాకు కష్టమైంది.

ఇప్పుడా అమ్మాయే లీడ్. మొన్న ఆమె మీటింగులో చివర కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి, నేను చెప్పాలనుకున్నది ఇద్దరు పిల్లలు అప్పటికే చెప్పేశారు.