కాట్ సోల్కర్

శ్రోతలకు నమస్కారం.

ఇష్టమైన క్రికెటర్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఎవరి గురించా అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏక్‌నాథ్ సోల్కర్. ఈ కాలం పిల్లల్లో చాలామంది ఆ పేరు విని ఉండకపోవచ్చు. మా వయసు వాళ్లకు మాత్రం ఆ పేరు చెబితే ముందు రేడియో గరగర గుర్తుకొస్తుంది, దాని వెనకే రెండు మాటలు వినపడతాయి. కాట్ సోల్కర్. అంటే సోల్కర్ క్యాచ్ పట్టాడు, బ్యాట్స్‌మన్ అవుట్ అని.

మాది నెల్లూరు, రంగనాయకులపేట. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా చిన్నాయన రైసు మిల్లులో గుమాస్తా. జీతంలో కొంచెం కొంచెం దాచి మర్ఫీ రేడియో కొన్నాడు. దాని మీద అవ్వ కుట్టిన పూల గుడ్డ కప్పి ఉండేది. మీట తిప్పే హక్కు చిన్నాయనకు తప్ప ఇంకెవరికీ లేదు. కామెంటరీ ఉన్న రోజు వీధి వీధంతా మా అరుగు మీదే. సగం మందికి ఇంగ్లీషు రాదు. నాకూ అంతంత మాత్రమే. చిన్నాయన రేడియోకి చెవి ఆనించి వినేవాడు, మేం ఆయన మొహం కేసి చూస్తూ కూర్చునేవాళ్లం. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయంటే ఏదో జరిగినట్టు.

సోల్కర్ నిలబడే చోటును ఫార్వర్డ్ షార్ట్ లెగ్ అంటారు. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను గనక మీరే ఊహించుకోండి. మీ ఇంట్లో మంచానికి ఈ కొసన బ్యాట్స్‌మన్ నిలబడ్డాడు. ఆ కొసన మోకాళ్లు బాగా వంచి, నేల మీద కూర్చున్నాడా అన్నంత కిందికి వంగి, సోల్కర్. మధ్యలో మంచమంత జాగా. అంతే. బ్యాట్స్‌మన్ ఒళ్లు మండి ఒక్కటి బాదితే ఆ బంతి ఎక్కడికి వస్తుందో మీకే తెలుసు. తలకు హెల్మెట్ లేదు. కాళ్లకు ప్యాడ్లు లేవు. టెస్టు క్రికెట్‌లో హెల్మెట్ కనబడిందే 1978లో. అప్పటికి సోల్కర్ టెస్టులు అయిపోయాయి. అలాంటి చోట ఆయన రోజంతా కూర్చునేవాడు. కూర్చుని ఊరుకోవడం కాదు, ఇంకా కొంచెం దగ్గరికి జరిగేవాడు.

ఇప్పుడు ఆ సాయంత్రం గురించి చెబుతాను. మిగతావి చెప్పడానికి టైమ్ చాలకపోయినా పర్వాలేదు, ఇది మాత్రం పూర్తిగా చెప్పాలి.

1971 ఆగస్టు 23, సోమవారం. తెల్లవారితే వినాయక చవితి. లండన్‌లో ఓవల్ మైదానం. మన వాళ్లు 1932 నుంచి ఇంగ్లండ్ వెళ్లి టెస్టులు ఆడుతున్నారు. అక్కడ అప్పటికి ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. ఆ సిరీస్‌లో మొదటి రెండూ డ్రా. ఈ మూడో దాంట్లో ఒక రోజు వానకే పోయింది. మొదటి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 355, మనం 284. వాళ్లు 71 పరుగులు ముందున్నారు. ఇంక గెలిచేదేముంది, డ్రా అయితే చాలు అని మా అరుగు మీద తీర్మానం అయిపోయింది.

మన స్పిన్నర్ చంద్రశేఖర్ బంతి అందుకునేదాకా ఆ తీర్మానం అలాగే ఉంది. ముందు జేమ్సన్ రనౌట్. తర్వాత ఎడ్రిచ్ బౌల్డ్. ఆ వచ్చిన ఫ్లెచర్ మొదటి బంతికే అవుట్. కాట్ సోల్కర్. లంచ్‌కి ఇంగ్లండ్ 24 పరుగులకు 3 వికెట్లు. వాళ్లకు లంచ్ అంటే మనకు సాయంత్రం ఆరు. దీపాలు పెట్టే వేళ.

సరిగ్గా అప్పుడే అవ్వ నన్ను పత్రి తెమ్మని బజారుకు పంపింది. పరుగున వెళ్లి పరుగున వచ్చాను. బుట్టలో మారేడాకు, గరిక, జిల్లేడు, ఉమ్మెత్త, రెండు ఎలక్కాయలు, అదే వెలగకాయలు. పాలవెల్లికి కట్టే కాయలన్నీ అందులోనే. ఆ బుట్ట ఒళ్లో పెట్టుకునే అరుగు మీద కూలబడ్డాను. లోపలికి వెళ్లి ఇచ్చొస్తే ఈలోగా ఏమవుతుందో అని టెన్షన్.

డాలివీరా పోయాడు. అలన్ నాట్ వచ్చాడు. వికెట్ కీపరే గానీ బ్యాట్‌తో మహా గట్టి పిండం. మొదటి ఇన్నింగ్స్‌లో 90 కొట్టిందీ ఆయనే. ఈసారి కూడా నిలదొక్కుకుంటే ఆట మళ్లీ వాళ్ల చేతికి పోతుంది. "ఈడొక్కడు పోవాలబ్బయా, ఈడు పోతే చాలు" అంటున్నాడు చిన్నాయన. వెంకట్రాఘవన్ బంతి వేస్తున్నాడు. అక్కడ షార్ట్‌వేవ్ తన బుద్ధి చూపించింది. ఆ కాలంలో షార్ట్‌వేవ్ విన్నవాళ్లకు తెలుసు, మైపాడు కాడ అల వచ్చి వెనక్కి పోయినట్టు గొంతు వస్తుంది, పోతుంది. సరిగ్గా ఆ బంతికి గొంతు పోయింది. గరగర తప్ప ఏమీ లేదు. చిన్నాయన మీట మీద వేలు పెట్టాడు గానీ తిప్పలేదు. తిప్పితే మళ్లీ దొరకదు. అందరం ఊపిరి బిగబట్టాం. అల మళ్లీ వచ్చింది. ముందు చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలో రెండు మాటలు.

కాట్ సోల్కర్.

వీధి లేచి నిలబడింది. నా ఒళ్లో బుట్ట నేల మీద పడింది. పత్రి అంతా అరుగు మీదే. ఏం జరిగిందని నలుగురూ అడుగుతుంటే చిన్నాయన నోటితో చెప్పలేకపోయాడు. దొర్లిపోతున్న ఎలక్కాయ ఒకటి తీశాడు. ఎలక్కాయ అచ్చం క్రికెట్ బంతి అంతే ఉంటుంది, అంతే గట్టిగానూ ఉంటుంది. మా పెదనాన్న కొడుకు చేతికి గొడుగు ఇచ్చి బ్యాట్‌లా పట్టుకోమన్నాడు. నాట్ ముందుకు వంగి బంతిని చంపబోయాడు, ఇట్లా. బంతి బ్యాట్ అంచున తగిలి కొంచెం ముందుకు లేచింది, ఇట్లా. రెండడుగుల అవతల నేల మీద పడబోతోంది. ఆ రెండడుగులూ లేచి నడిచే టైమ్ ఎక్కడిది? అంటూ చిన్నాయన తెల్ల పంచెతో అరుగు మీద బోర్లా దూకాడు. రెండు చేతులూ ముందుకు చాచి, నేలకు బెత్తెడు ఎత్తున ఆ కాయను అందుకున్నాడు. లోపల్నించి అవ్వ కేకేసింది, "ఒరే, దేవుడి కాయరా అది!" అని.

ఫొటో చాలా రోజుల తర్వాత చూశాను. చిన్నాయన ఎక్కడినించో ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. సోల్కర్ ఒళ్లంతా సాగదీసినట్టు నేల మీద ఉన్నాడు, అరచేతులు బంతి కింద ఉన్నాయి, నాట్ ఇంకా వంగే ఉన్నాడు. నేను అరుగు మీద చూసింది అచ్చం అదే. కామెంటరీ ఇంగ్లీషులో విని, కళ్లతో చూడకుండా, అంత సరిగ్గా ఎలా చేసి చూపించాడో మా చిన్నాయన, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఇంగ్లండ్ 101కి ఆలౌట్. చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు. మర్నాడు చవితి. ఓవల్ మైదానంలోకి ఎవరో జూ నించి బెల్లా అనే ఏనుగును కూడా తీసుకొచ్చారు. మన వాళ్లు 4 వికెట్ల తేడాతో గెలిచారు. ఆఖరి ఫోర్ కొట్టింది మన హైదరాబాదు ఆటగాడు సయ్యద్ ఆబిద్ అలీ. ఆయన కూడా గొప్ప ఫీల్డర్, వికెట్ల మధ్య పరుగులో చిరుతపులి. 2025 మార్చిలో పోయారు. ఆయన గురించి ఇంకో రోజు ఇంకో పది నిమిషాలు ఇవ్వాలి మీరు.

సోల్కర్ పుట్టుక గురించి రెండు ముక్కలు. వాళ్ల నాన్న బొంబాయి హిందూ జింఖానా మైదానంలో గ్రౌండ్స్‌మన్. కుటుంబమంతా ఆ మైదానంలోనే ఒక్క గది ఇంట్లో ఉండేది. చిన్నప్పుడు ఏక్‌నాథ్ అక్కడ స్కోరుబోర్డు మీద అంకెలు మార్చేవాడు. తర్వాత మన దేశానికి 27 టెస్టులు ఆడాడు. మొదటి టెస్టు ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో, 1969లో, న్యూజిలాండ్ మీద. ఎడమచేత్తో బ్యాటింగ్, బౌలింగ్ రెండూ చేసేవాడు. వాంఖడేలో వెస్టిండీస్ మీద 102 కొట్టాడు. అదొక్కటే సెంచరీ. కానీ ఆయన పేరు నిలబెట్టింది ఇంకో అంకె. 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు. టెస్టుకు దాదాపు రెండు. రాహుల్ ద్రవిడ్ అంతటి క్యాచర్ 164 టెస్టుల్లో 210 పట్టాడు, అంటే టెస్టుకు ఒకటింబావు. ద్రవిడ్ అంటే నాకు చాలా గౌరవం. సోల్కర్ నిలబడిన చోటు ఎంత దగ్గరో తెలియడానికే ఈ లెక్క చెప్పాను.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. బేడీ, చంద్రశేఖర్, ప్రసన్న, వెంకట్రాఘవన్ అని నలుగురు స్పిన్నర్ల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. ఆ నలుగురి పక్కన ఐదో పేరుగా సోల్కర్‌ను రాయాలి. బంతి తిరిగితే సరిపోదు, తిరిగి అంచు తగిలిన బంతిని పట్టేవాడు ఉండాలి. వాడు అక్కడ కూర్చుని ఉన్నాడన్న సంగతి తెలిస్తేనే బ్యాట్స్‌మన్ చేతులు బిగుసుకుపోతాయి.

ఆ చవితి తర్వాత మా వీధి పిల్లలందరం సోల్కర్లమే. రంగనాథస్వామి గుడి వెనక పెన్నలో నీళ్లు తగ్గి ఇసుక తేలిందంటే సాయంత్రాలన్నీ అక్కడే. ఇసుకలో దూకితే దెబ్బ తగలదు. చిన్నాయన మూడడుగుల దూరంలో నిలబడి తడిపిన టెన్నిస్ బంతిని బ్యాట్‌తో మెల్లగా మా మీదికి తిప్పేవాడు. "ముందే లేవొద్దు. బంతి వచ్చేదాకా కిందనే ఉండు. మనిషిని చూడొద్దు, బ్యాట్ చూడు. వేళ్లు నేల కేసి పెట్టు. బంతి చేతిలో పడ్డాక దాంతో పాటు చేతులు వెనక్కి పోనియ్యి." ఈ నాలుగు మాటలే రోజూ. రోజూ ఇవే మాటలు. నేను ఇప్పుడు పిల్లలకు చెప్పేవీ ఇవే.

కానీ ఒక రోజు సంగతి చెప్పక తప్పదు. తొమ్మిదో తరగతిలో ఒక మ్యాచ్. కార్క్ బాల్. మా స్నేహితుడు ఒకడు షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. ఇంకా దగ్గరికి పో, ఇంకా దగ్గరికి పో అని వెనకనించి అరిచింది నేనే. బౌలర్ షార్ట్‌గా వేశాడు, బ్యాట్స్‌మన్ తిప్పి కొట్టాడు. వాడు చేతులు ఎత్తే లోపలే బంతి కనుబొమ్మ మీద తగిలింది. మొహమంతా రక్తం. రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయాం. ఆరు కుట్లు. కన్ను దక్కింది, అరంగుళం కిందికి తగిలుంటే దక్కేది కాదని డాక్టరుగారు అన్నారు. ఆ మచ్చ వాడి కనుబొమ్మలో ఇప్పటికీ ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. కలిసినప్పుడల్లా నా చూపు అక్కడికే పోతుంది.

1998 ఫిబ్రవరిలో ఢాకాలో మన రమణ్ లాంబా ఇదే చోట, షార్ట్ లెగ్‌లో, హెల్మెట్ పెట్టుకోకుండా నిలబడ్డాడు. బంతి తలకు తగిలింది. మూడు రోజులకు పోయాడు. టెస్టులు ఆడిన మనిషి, అనుభవం ఉన్న మనిషి.

అందుకే కోచ్‌లకు, తల్లిదండ్రులకు, ముఖ్యంగా మన నెల్లూరు, కావలి, ఒంగోలు గ్రౌండ్లలో పిల్లలను ఆడించే అన్నలకు ఒక్క మాట. సోల్కర్ కథ పిల్లలకు చెప్పండి. క్యాచింగ్ నేర్పించండి. గట్టి బంతితో ఆడేటప్పుడు మాత్రం హెల్మెట్ లేని పిల్లవాణ్ణి షార్ట్ లెగ్‌లో, దానికి అవతలి పక్క అంతే దగ్గరగా ఉండే సిల్లీ పాయింట్‌లో నిలబెట్టొద్దు. ఒక్క ఓవర్ కూడా వద్దు. ఆ ఒక్క ఓవరే చాలు.

హెల్మెట్ కొనేటప్పుడు, ఎదిగే పిల్లవాడు కదా అని పెద్ద సైజు తీసుకోకండి. కనుబొమ్మల పైనించి తల చుట్టూ టేపుతో కొలిచి, ఆ కొలతకు సరిపోయేదే కొనండి. మొహానికి అడ్డుగా ఉండే గ్రిల్ సందులోంచి పిల్లలు ఆడే బంతిని దూర్చి చూడండి. దూరితే అది వద్దు. గడ్డం కింద పట్టీ పెట్టుకున్నాక తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనబడినా మళ్లీ వాడకండి. టీముకు ఒక్కటే ఉంటే, అది బ్యాట్స్‌మన్లకు మాత్రమే అనుకోకండి. దగ్గర నిలబడే పిల్లవాడికి కూడా ఉండాలి. రెండోది కొనేదాకా ఆ చోట ఎవరూ నిలబడకుండా ఆడుకోండి, కొంపేమీ మునగదు.

ఏక్‌నాథ్ సోల్కర్ 2005 జూన్ 26న ముంబయిలో గుండెపోటుతో పోయారు. యాభై ఏడేళ్లే. అప్పటికి చిన్నాయన ఉన్నాడు. పేపర్లో ఆ వార్త చూసి, పెరట్లోకి వెళ్లి చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు.

రేపు ఆదివారం పొద్దున్నే మా వీధి పిల్లలకు క్యాచింగ్ ప్రాక్టీసు ఉంది. నేను కూడా వెళ్తున్నాను. కొత్తగా ముగ్గురు పిల్లలు చేరారు, వాళ్ల తలలు కొలవాలి. టేపు ఇప్పుడే జేబులో పెట్టుకున్నాను. సెలవు. నమస్కారం.